రిసాలా (అశ్వికదళ) గుర్రం: 1913 నాటి తైలచిత్రాన్ని ఆర్ట్ ప్రింటుకు సిద్ధం చేసిన కేసు

బొమ్మ 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. కాన్వాసు మీద తైలవర్ణాలు. జీను కట్టిన గుర్రం ఎడమ పక్క కనిపించేలా నిలబడి ఉంటుంది, మూతి దగ్గర పగ్గాలు పట్టుకుని ఒక సవారు. వెనక నిలబెట్టిన బల్లెం, దాని కొసన పైన ఎరుపు, కింద తెలుపు ఉన్న చిన్న జెండా. ఇంకా వెనక గుడారాలు, బొల్లారం వైపు ఇప్పటికీ అక్కడక్కడా మిగిలిన బండల గుట్టల్లాంటివి, వాటి ముందు దుమ్ము లేపుకుంటూ దౌడు తీస్తున్న చిన్న దండు. కింద కుడి మూల సగం చెరిగిన సంతకం, పక్కనే 1913 అన్న అంకెలు.

సికింద్రాబాద్‌లో ఒక కుటుంబానిది ఇది. మూడు తరాలుగా హాల్లో, పూజగది తలుపుకు ఎదురు గోడ మీద వేలాడింది. అగరుబత్తి పొగ, దీపం మసి, వానాకాలం గోడ చెమ్మ, ఈగల మచ్చలు, అన్నీ చేరాయి. వాటి మీద ఎప్పుడో ఎవరో పూసిన వార్నిషు పండి టీ డికాక్షన్ రంగుకు వచ్చింది.

పిల్లల్లో ఇద్దరు అమెరికాలో స్థిరపడ్డారు. ఒరిజినల్‌ను అక్కడికి పంపేద్దామన్న మాట ఇంట్లో ముందు వచ్చింది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రం పురావస్తువే. దాన్ని దేశం దాటించే వీలు ప్రైవేటు మనుషులకు లేదు. కాబట్టి ఒరిజినల్ ఇక్కడే ఉంటుంది, వాటాదారులందరికీ అదే కొలతలో తలా ఒక ప్రింటు. పాత బొమ్మలను ఫొటో తీసి కంప్యూటర్లో బాగుచేయడం నా పని. నా దగ్గరకు వచ్చేసరికి పని ఈ రూపం తీసుకుంది.

గుర్రం గురించి ఏమీ తెలియకుండా గుర్రపు బొమ్మ బాగు చేయకూడదని నా అభిప్రాయం. ఫొటోషాప్ ఎంత చేతికి వచ్చినా, ఏ గీత పగులు, ఏ గీత పగ్గం అన్నది అది చెప్పదు. అందుకే ఈ కేసులో స్క్రీన్ ముందు కూర్చోకముందే ఇద్దర్ని పట్టుకున్నాను. ఒకరు చిత్రాల కన్జర్వేటర్, అంటే పాత బొమ్మలకు చికిత్స చేసే నిపుణులు. ఇంకొకరు జైపూర్‌లోని సైన్యపు గుర్రపు దళం 61 కావల్రీలో పనిచేసి రిటైరైన దఫేదారు (అశ్వికదళ హవల్దారు), ఇప్పుడు నగరం శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో గుర్రాలు చూసుకుంటున్నారు.

ఫొటో తీసిన తీరు

పెద్ద కాన్వాసులను సాధారణంగా ఈజిల్ మీద నిలబెట్టి తీస్తాం. ఇక్కడ గుర్రం కడుపు దగ్గర రంగు పెచ్చులుగా లేస్తోంది. పాత చిరుగుకు వెనక నుంచి ఎవరో గుడ్డముక్క అతికించారు, ఆ జిగురు బిగుసుకుని ముందువైపు రంగును లాగుతోంది. కన్జర్వేటర్ చూసి, నిలబెట్టొద్దు, ఫ్రేములోంచి తీసి వెల్లకిలా పడుకోబెట్టే తీయండి అన్నారు. పెచ్చులను ముందే కాగితంతో అతికించి ఆపవచ్చు కానీ ఆ కాగితం కిందది ఫొటోలో పడదు. కాబట్టి వరుస ఇలా ఖాయమైంది: ముందు ఫొటో, ఆ వెంటనే పెచ్చుల చికిత్స.

కాన్వాసును చదునైన పలక మీద ఉంచి, కెమెరాను పైన దూలానికి బిగించాం. లైట్లు, కెమెరా కదలవు, పలకనే గైడు పట్టీల వెంట జరుపుతాం. అలాగైతే ప్రతి ఫ్రేములోనూ వెలుగు ఒకే తీరుగా పడుతుంది. 45 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక ఫ్రేము 8256 × 5504 పిక్సెళ్లు. అంగుళానికి 360 లెక్కన అది 22.9 × 15.3 అంగుళాలను పట్టుకుంటుంది. అడ్డంగా రెండు, నిలువుగా రెండు, ఒకదాని మీదకి ఒకటి కనీసం 30 శాతం ఎక్కేలా తీస్తే కాన్వాసు మొత్తం వచ్చి చుట్టూ కొంచెం జాగా కూడా మిగులుతుంది. అతికాక వచ్చిన ఫైలు 12,960 × 8,640 పిక్సెళ్లు, 16 బిట్‌లో ఒక్క పొరే 670 మెగాబైట్ల పైచిలుకు. 360 ఎందుకంటే ఎప్సన్ పెద్ద ప్రింటర్లు ఆ లెక్కలోనే డేటా తీసుకుంటాయి, మధ్యలో ఇంకోసారి సైజు మార్చే అవసరం రాదు.

కెమెరా, కాన్వాసు సమాంతరంగా ఉన్నాయో లేదో తేల్చడానికి స్పిరిట్ లెవెల్ చాలదు. కాన్వాసు ఎత్తుకు సరిగ్గా ఒక చిన్న అద్దం పెట్టి లైవ్ వ్యూలో చూస్తాను. లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే చూసుకుంటుంది, ఆ నల్లటి గుండ్రం ఫ్రేము నట్టనడుమ పడాలి. ఒక పక్కకు జరిగిందంటే కెమెరా వంకర ఉన్నట్టే. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష తప్పితే, తర్వాత అతుకు దగ్గర బల్లెం కర్ర రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది.

రెండు ఫ్లాష్ లైట్లు చెరో పక్క 45 డిగ్రీల కోణంలో. లైట్ల ముందు పోలరైజింగ్ ఫిల్ము, లెన్స్‌కు దానికి అడ్డంగా తిప్పిన పోలరైజర్. వార్నిషు మీది మెరుపు మొత్తం పోతుంది. అయితే దీనికి ఒక ధర ఉంది. రంగు దట్టంగా వేసిన చోట కుంచె గట్లు కూడా మెరుపుతోనే కంటికి తెలుస్తాయి, మెరుపు పోతే అవీ చదునవుతాయి. పైగా ముదురు రంగులు కంటికి కనిపించేదానికన్నా నల్లగా పడతాయి. అందుకే పోలరైజర్ లేకుండా, ఒక పక్క లైటు మాత్రం వాలుగా వేసి రెండో సెట్టు తీశాం. చివర్లో ఆ సెట్టు నుంచి వెలుగునీడలను మాత్రం పలచగా, 15 శాతం దగ్గర, జీను తోలు మీద, జూలు మీద తిరిగి కలిపాను. రంగుల లెక్క మాత్రం 24 గళ్ల కలర్ చార్టుతో చేసిన ప్రొఫైలుదే. తెల్ల బోర్డును అదే వెలుగులో తీసి, దానితో ప్రతి ఫ్రేమునూ సరిచేయడం ఎప్పటిలాగే.

అతినీలలోహిత కాంతిలో

365 నానోమీటర్ల దీపాల కింద, చీకటి గదిలో మూడో సెట్టు. నేను ఎక్కువసేపు చూసింది ఈ సెట్టునే. పాత చెట్టుబంక వార్నిషు ఈ వెలుగులో ఆకుపచ్చ పసుపు కలిసిన మసక కాంతితో వెలుగుతుంది. తర్వాత ఎవరైనా దాని మీద రంగు వేసి ఉంటే అది నల్లటి మచ్చగా తేలుతుంది.

మూడు సంగతులు బయటపడ్డాయి. ఎడమ పై మూల ఆకాశంలో చెయ్యెడంత నల్ల మచ్చ, అంటే పాత రిపేరు. గుర్రం కుడి వెనక కాలి కింది భాగం కూడా అంతే, ఎవరో మళ్లీ వేశారు. మూడోది అంచు. నాలుగు వైపులా అర అంగుళం మేర పట్టీ వెలగనే లేదు. కాన్వాసు ఫ్రేములో ఉండగానే వార్నిషు పూశారన్నమాట, ఫ్రేము కప్పిన చోటికి కుంచె చేరలేదు. ఈ పనిలో ఇంతకు మించిన అదృష్టం ఉండదు. వార్నిషు తగలని అసలు ఆకాశం, వార్నిషు కింది ఆకాశం, రెండూ ఒక్క గీతకు అటూ ఇటూ దొరికాయి.

సంతకం, 1913 అంకెలు మాత్రం వార్నిషు కాంతి కిందే ఉన్నాయి, దాని పైన నల్లగా లేవు. కాబట్టి ఈ వార్నిషు పూశాక ఎవరో చేర్చిన తేదీ కాదు. ఈ సంగతి చివర్లో అక్కరకొచ్చింది.

పసుపు తీయడం

పండిన వార్నిషును ఫొటోషాప్‌లో ఒక స్లైడరు జరిపి తీసేయొచ్చనుకునేవాళ్లు చాలామంది. వైట్ బ్యాలెన్స్ నీలం వైపు లాగితే తెలుపులు సర్దుకుంటాయి, నలుపులు మాత్రం నీలి బూడిదవుతాయి. వార్నిషు చేసేది రెండు పనులు. వెలుగు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి నీలాన్ని తినేస్తుంది, ఇది గుణకారం లాంటిది. దాని లోపలి సన్నటి పగుళ్లు, మురికి వెలుగును చెదరగొట్టి నల్లటి చోట్ల తెరలా పరుచుకుంటాయి, ఇది కూడిక. అందుకని లీనియర్ ఫైలులో, అంటే కెమెరా కొలిచిన వెలుగు అంకెలను మార్చకుండా ఉంచిన ఫైలులో, ముందు ఆ తెరను తీసివేసి, ఆ తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను ఒక్కోదాన్నీ భాగించాలి. వరుస తిరగేస్తే లెక్క కుదరదు.

ఎంతతో భాగించాలో అంచు చెప్పింది. ఫ్రేము కింద దాగిన ఆకాశం ల్యాబ్ (Lab) అనే రంగు కొలతలో ఎల్ 74, బి 2. ఎల్ అంటే వెలుగు, బి పెరిగితే పసుపు పెరిగినట్టు. గీత దాటి ఇటు వస్తే ఎల్ 61, బి 19. రెండూ ఒకే కుంచె దెబ్బలో పడ్డ రంగు. ఆ తేడా వార్నిషుది, దానిపై చేరిన పొగది. కింది అంచులో నేల రంగు మీద అదే నిష్పత్తి పెట్టి చూస్తే దాదాపు సరిపోయింది. అప్పుడు బొమ్మ మొత్తానికి వేశాను. గుర్రం ఎడమ వెనక కాలికున్న తెల్ల మేజోడు, అంటే కాలి కింది భాగంలోని తెల్ల రంగు, బి 31 నుంచి 13కి దిగింది.

అక్కడే ఆగాను. మేజోడును ఇంకా తెల్లగా చేయమని కన్ను అడుగుతుంది. కానీ అవిసెనూనెలో కలిపిన సీసపు తెలుపు తనంత తానే కొంత పసుపెక్కుతుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. అవిసెనూనె చీకట్లో ఎక్కువ పసుపెక్కుతుంది, వెలుతురు తగిలితే మళ్లీ తేలుతుంది. ఫ్రేము కింద వందేళ్లు చీకట్లో ఉన్న అంచు వార్నిషు పసుపు నుంచి తప్పించుకుంది గానీ నూనె పసుపు నుంచి కాదు. అంటే నా కొలబద్దే కాస్త పసుపు. దాన్ని దాటి మొదటి రోజు రంగు ఇదీ అని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆధారం ఆగిన చోట దిద్దుబాటూ ఆగాలి.

వార్నిషు అన్నిచోట్లా ఒకే మందంలో లేదు. కింది భాగంలో కారి గడ్డకట్టింది. అతినీలలోహిత ఫొటోలో వెలుగు ఎక్కువున్న చోట వార్నిషు మందం ఎక్కువని స్థూలంగా అనుకోవచ్చు. ఆ ఫొటోను బాగా మసకబార్చి, దిద్దుబాటు పొరకు మాస్కుగా, అంటే దిద్దుబాటు ఎక్కడ ఎంత పడాలో చెప్పే అచ్చుగా, పెట్టాను. స్థూలంగా అన్నది ఎందుకంటే కింది రంగును బట్టి కూడా ఆ కాంతి మారుతుంది. జింకు తెలుపు స్వయంగా వెలుగుతుంది. మాస్కును గుడ్డిగా నమ్మితే జెండా తెలుపు నీలమయ్యేది. అక్కడ చేత్తో తగ్గించాను.

ఈ దశలో గుర్రం మారిపోయింది. పసుపు కింద అది ఎరుపు గోధుమ రంగు ముద్దలా ఉండేది. ఇంట్లోవాళ్లు దాన్ని సురంగ్ అనేవారు. పసుపు దిగాక, మేజోడున్న కాలు తప్ప మోకాళ్ల కింద కాళ్లు, జూలు, తోక నల్లగా తేలాయి. ఒళ్లు ఎరుపు, కొసలు నలుపు ఉంటే అది కుమైత్. దఫేదారు గారు మొబైల్లో చూసీ చూడగానే అదే మాట అన్నారు. అంతకన్నా నాకు నచ్చింది వీపు, పిరుదుల మీది వెలుగు. చిత్రకారుడు నిగనిగలాడే ఒంటి మీద ఆకాశం నీడను సన్నటి నీలి బూడిద గీతలుగా వేశాడు. వార్నిషు కింద అవి పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి, ఎవరైనా మరకలనుకుంటారు. నీలం తిరిగి రాగానే పిరుదు గుండ్రమైంది, ఒంటికి బరువొచ్చింది. ఎక్కడా కుంచె పెట్టలేదు. వంద గంటలు గీసినా అంతటి గుండ్రదనం నా చేతికి రాదు.

పగుళ్లు

పగుళ్లు మొత్తం తీసేస్తే బొమ్మ ప్లాస్టిక్ అవుతుంది. అసలు తీయకపోతే ప్రింటులో అవే ముందు కనిపిస్తాయి, ఎందుకంటే గోడ మీది ఒరిజినల్‌లో పగులుకు లోతు ఉంటుంది, మనం అటూ ఇటూ కదిలితే అది మాయమై మళ్లీ తేలుతుంది. కాగితం మీద అది కదలని నల్ల గీత. అందుకని మురికి చేరి నల్లబడ్డ పగుళ్లను పలచన చేశాను, సన్నటి వలను వదిలేశాను. గుర్రం కన్ను, సవారు ముఖం దాటే పగుళ్లు మాత్రం పూర్తిగా పోయాయి.

పద్ధతి కొత్తదేం కాదు. డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టరు వేసిన నకలు పొరను లైటెన్ మోడ్‌లో పెడితే సన్నటి నల్ల గీతలు మాత్రమే తేలికవుతాయి. తర్వాత ఆ పొరకు నల్ల మాస్కు వేసి, కావలసిన చోటే తెరవడం. చిక్కు ఎక్కడంటే ఈ బొమ్మలో సన్నటి నల్ల గీతలన్నీ పగుళ్లు కావు. పగ్గాలు, బల్లెం నీడ, మూతి దగ్గరి వెంట్రుకలు, జీను కుట్లు, అన్నీ అదే మందం. ఫిల్టరుకు తేడా తెలియదు. వాలు వెలుగులో తీసిన సెట్టును పక్క కిటికీలో తెరిచి పెట్టుకుని చేశాను. పగులు అక్కడ గుంటగా, కుంచె గీత గట్టుగా కనిపిస్తుంది. వెంట్రుకలు ఒంటి వాలును బట్టి పోతాయి, పగులు దాన్ని అడ్డంగా కోసేస్తుంది.

మెడ చుట్టూ తెల్లటి మందపాటి పట్టీ ఒకటి ఉంది. నా దగ్గర పనిచేసే కుర్రాడు దాన్ని పాత చిరుగు రిపేరనుకున్నాడు. అది తలతాడు. రిసాలా గుర్రాలకు మెడ చుట్టూ చుట్టి కట్టే తాడు, దిగిన చోట కట్టేయడానికి. దాని పురి వంకీలు కూడా చిత్రకారుడు వేశాడు, 200 శాతం పెద్దది చేస్తే లెక్కపెట్టొచ్చు.

ఎడమ జబ్బ మీద రెండు మూడు వంకర గీతల గుంపు కూడా అలాంటిదే. చూడటానికి పగుళ్ల గూడు. వాలు వెలుగులో గుంట లేదు, అతినీలలోహితంలో నలుపు లేదు, అంటే అసలు రంగే. అప్పట్లో భారత సైన్యాలకు గుర్రాలు పెద్ద ఎత్తున ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో మద్రాసుకు, కలకత్తాకు వచ్చేవి. న్యూ సౌత్ వేల్స్ పేరు మీద వాటిని వేలర్లనేవారు. అక్కడి మందల యజమానులు ఎడమ జబ్బ మీద కాల్చి ముద్ర వేసేవారు. ఇది అలాంటి ముద్రే అయ్యుండాలి. అక్షరాలు చదవడానికి రావు, చదివించే ప్రయత్నం కూడా నేను చేయలేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచాను.

రాలిన చోట్లు

రెండు చోట్ల రంగు పూర్తిగా రాలి కాన్వాసు నేత కనిపిస్తోంది. ముందు ఎడమ కాలి గిట్ట పైన ఒక రూపాయి బిళ్లంత. మూతి పక్కన, కళ్లెం ఉండాల్సిన చోట అంతకన్నా కొంచెం పెద్దది.

ఇలాంటి చోట ఏఐ ఫిల్, అంటే ఖాళీని తానే ఊహించి నింపే సాధనం, ఏమిస్తుందో చూడటం నాకు అలవాటు. వాడటానికి కాదు, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవడానికి. మూతి దగ్గర అది అందమైన గుండ్రటి రింగు, దానికి ఒకే ఒక్క పగ్గం వేసింది. తోలు మెరుపు, రంగు, కుంచె తీరు అన్నీ కుదిరాయి, తెలియనివాళ్లు ఒప్పేసుకుంటారు. కానీ సవారు పిడికిలి వైపు చూస్తే ఎడమ పక్క నుంచి రెండు పగ్గాలు వచ్చి చేరుతున్నాయి. పిడికిలిలోకి రెండు వస్తే కళ్లెం నుంచి రెండు బయల్దేరాలి. రంగు రాలిన గుంట అంచున రెండిటి తెగిన కొసలు కూడా ఉన్నాయి, పైది సన్నం, కిందిది ఇంకాస్త వెడల్పు. పై పగ్గానికి పై రింగు, కింది పగ్గానికి నిలువు కడ్డీ అడుగున రింగు, మధ్యలో గడ్డం కింద గొలుసు. సైన్యపు కళ్లేల్లో ఈ తరహా బాగా వాడుకలో ఉండేది. గొలుసు తాలూకు రెండు లంకెలు గుంటకు అవతల మిగిలే ఉన్నాయి. ఈ ఆనవాళ్లను కలుపుతూ గీసింది చాలా తక్కువ. కడ్డీ వెలుగును మాత్రం రికాబు ఇనుము నుంచి తెచ్చాను, రెండిటికీ ఒకటే ఎండ కాబట్టి.

కాలి దగ్గర ఫిల్ ఇచ్చిన బొమ్మ ఇంకా నున్నగా ఉంది. దఫేదారు గారికి చూపించాను. ఆయన వేలు స్క్రీన్ మీద పెట్టి, “ఇట్ల మడవది సార్ ఇది. ఆడ కీలే లేదు. కీలు ఇంకో రెండు వేళ్ల కిందికి ఉంటది, ఎనక జూడుండ్రి, ఆడ కుచ్చు ఎంట్రుకలుంటయి” అన్నారు. నిజమే. గిట్ట పైన వెనకవైపు వెంట్రుకల కుచ్చు సగం రాలకుండా మిగిలింది, కీలు ఎత్తు అది చెబుతోంది. పక్కనున్న కుడి ముందుకాలు నుంచి కొలత తీసుకుని, తిప్పకుండా, వెలుగు దిశ మార్చకుండా కట్టాను. ముందుకాలును తిరగేసి అతికించడం సులువే, కానీ నీడ తప్పు వైపు పడుతుంది.

ఎవరో మళ్లీ వేసిన కుడి వెనక కాలును ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. ఆ రంగు కింద అసలు కాలు ఉందో, రాలిపోయిందో ఫొటోతో తెలియదు. వేసినవాడికి గుర్రం తెలుసు, కాలు సరిగ్గానే ఉంది, రంగు మాత్రం చుట్టుపక్కలతో కలవదు. రంగు కలిపి వదిలేశాను. ఆకాశం మూలన పాత రిపేరు మాత్రం మొద్దుగా ఉంది, దాన్ని చుట్టూ ఉన్న ఆకాశంతో కప్పాను.

దిద్దనివి

దూరాన దౌడు తీస్తున్న దండులో గుర్రాలన్నీ ముందు రెండు కాళ్లు ముందుకు, వెనక రెండు వెనక్కు చాచి గాల్లో తేలుతున్నాయి. ఇంట్లో కాలేజీ చదువుతున్న అబ్బాయి, “అంకుల్, గుర్రం అలా పరిగెత్తదు కదా, సరిచేయొచ్చా?” అని అడిగాడు. పరిగెత్తదన్నది నిజమే. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు ఆ సంగతి తేల్చేశాయి. నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణంలో అవి కడుపు కిందికి ముడుచుకుని ఉంటాయి. అంతకుముందు చాలామంది చిత్రకారులు ఇలా చాచే వేశారు, ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన గుర్రపు పందెం బొమ్మ ఎప్సమ్ డెర్బీలోనూ అంతే. 1913లో ఈ చిత్రకారుడు ఇంకా పాత అలవాటునే పట్టుకున్నాడు, లేదా దూరపు దండుకు అది చాలనుకున్నాడు. అది అతని చెయ్యి. మనం దిద్దితే అది మన బొమ్మవుతుంది.

సంతకం విషయంలోనూ ఒత్తిడి వచ్చింది. సగం అక్షరాలు కనిపిస్తున్నాయి, మిగతావి పూర్తి చేస్తే ఎవరో తెలుస్తుంది కదా అని. తెలియదు, మనం ఊహించిన పేరు వస్తుంది. దాని మీది మరకను తీసి, అక్షరాల జోలికి పోలేదు.

ప్రింటు

కుటుంబం అడిగింది కాన్వాసు ప్రింటు. చూడగానే అసలు బొమ్మలా ఉంటుందని. నేను వద్దన్నాను. ఫైలులో ఒరిజినల్ కాన్వాసు నేత ఇప్పటికే పడి ఉంది. దాన్ని మళ్లీ నేత ఉన్న కాన్వాసు మీద కొడితే రెండు నేతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఆకాశంలో అలల్లా కనిపిస్తుంది. ఒక చిన్న ముక్క కొట్టి చూపించాక వాళ్లే మానుకున్నారు. 308 జీఎస్ఎం కాటన్ కాగితం, హానెమ్యూల వారి ఫొటో ర్యాగ్, తీసుకున్నాం. ఆప్టికల్ బ్రైట్‌నర్లు, అంటే కాగితం తెల్లగా కనిపించేందుకు కలిపే రసాయనాలు, తక్కువున్న కాగితమే కావాలని ముందే అనుకున్నాం. అవి ఎక్కువున్న కాగితం మొదట్లో మెరిసినా ఏళ్లు గడిచాక పసుపు వైపు వాలుతుంది.

మ్యాట్ కాగితానికి ఒక బలహీనత, నలుపు అంత లోతుగా దిగదు. కుమైత్ నల్ల కాళ్లు, నల్ల జూలు, జీను అడుగు నీడ, మూడూ ఒకే మసి ముద్దయ్యాయి. ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే సాఫ్ట్ ప్రూఫ్‌లో కాగితం ప్రొఫైలు పెట్టి, రంగులను కాగితానికి సర్దే రెండు పద్ధతులు, పర్సెప్చువల్, రిలేటివ్, రెండూ వేసి చూశాను. ఆకాశానికి రిలేటివ్ బాగుంది, నీడలకు పర్సెప్చువల్. ఒక ప్రింటుకు రెండు పెట్టలేం. రిలేటివ్‌నే ఉంచి, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ వేసి, నీడల్లో మాత్రం కర్వును కొద్దిగా ఎత్తాను. జూలు పోగులు విడివడ్డాయి, కాళ్లకు ఎముక వచ్చింది.

పరీక్ష ముక్కలను 5000 కెల్విన్ దీపం కింద చూసి ఊరుకోలేదు. వాళ్ల హాల్లో ఉన్నవి పసుపు వెలుగు ఎల్ఈడీలు, 3000 కెల్విన్ దగ్గర. ఆ వెలుగులో ఎరుపు ఇంకాస్త ఎగదోస్తుంది. ప్రింటు వేలాడేది అక్కడ కాబట్టి అక్కడికే తీసుకెళ్లి గోడకు ఆనించి చూశాం. ఇంటి పెద్దావిడ కాసేపు చూసి, “మా మామగారి గుర్రం ఇంత ఎర్రగా ఉండేది కాదు బాబూ. ఆకాశం కూడా ఇంత నీలం ఎప్పుడూ లేదు” అన్నారు. ఆవిడ కోడలిగా వచ్చినప్పటి నుంచి చూసింది పండిన వార్నిషునే. ఆవిడకు అంచు పట్టీ ఫొటో చూపించి, ఫ్రేము కింద దాగిన ఆకాశం ఇదేనండీ అని చెప్పాను. ఒప్పుకున్నారు కానీ ఇష్టపడలేదు. ఆవిడ గది కోసం దిద్దని ఫైలు నుంచి, పగుళ్లు, పసుపు ఉన్నవున్నట్టుగా ఒక చిన్న ప్రింటు వేరే కొట్టించాం. అది కూడా న్యాయమైన ప్రింటే.

18 × 12 అంగుళాల చిన్న సైజుకు అదే ఫైలును కుదించి పంపడం చాలదు. సగానికి తగ్గితే మిగిల్చిన సన్నటి పగుళ్ల వల ఇసుక చల్లినట్టు గరుకవుతుంది. పగుళ్ల పొరను ఆ సైజుకు విడిగా ఇంకొంచెం తగ్గించి, కుదించాక మళ్లీ పదును పెట్టాను. పొరలన్నీ విడివిడిగా ఉంచడం వల్లే ఇది వీలైంది.

చీటీ మీద ఏం రాయాలి

ప్రింటు వెనక అతికించే చీటీలో “హైఫా గుర్రం” అని రాయమన్నారు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట అది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు, అంటే ఆ సంస్థానాల బల్లెం పట్టిన గుర్రపు దళాలు, 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో పోరాడాయి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి ముగ్గురు సైనికుల విగ్రహాలు ఈ మూడు సంస్థానాలవే, 1922లో పెట్టారు. కానీ 1918 సెప్టెంబర్ 23న ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణం మీదకు గుర్రాలతో దూకినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. పైగా బొమ్మ మీద ఉన్నది 1913, అది వార్నిషు కింద ఉన్న తేదీ. యుద్ధానికి ముందు గుర్రం ఇది. తర్వాత అది ఈజిప్టులోని సినాయ్ దాకా వెళ్లిందో లేదో బొమ్మ చెప్పదు.

చీటీలో చివరికి ఉన్నది: కాన్వాసు మీద తైలవర్ణం, 1913, చిత్రకారుడి సంతకం అసంపూర్ణం, జీనుతో కుమైత్ గుర్రం, సవారు. ఒరిజినల్‌ను తీసిన ఫొటో నుంచి డిజిటల్‌గా పునరుద్ధరించిన ప్రింటు, వార్నిషు పసుపు తగ్గించడమైనది, కళ్లెం వద్ద, ముందు ఎడమ కాలి వద్ద రాలిన భాగాలు పూరించడమైనది. ప్రింటు నంబరు. హైఫా మాట కుటుంబం చెప్పుకునే కథగా విడిగా ఒక కాగితం మీద రాసుకుని ప్రింటుతో పాటు పెట్టుకోమన్నాను. కథగా దానికి విలువుంది.

అప్పగించిన వాటిలో దిద్దని ఫైలు, పొరలున్న మాస్టరు, అతినీలలోహిత, వాలు వెలుగు సెట్లు, ప్రింటు ఫైళ్లు ఉన్నాయి, రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఒకటి సికింద్రాబాద్‌లో, ఒకటి అమెరికాలో ఉన్న కూతురి దగ్గర. ఒరిజినల్ ప్రస్తుతం కన్జర్వేటర్ దగ్గర ఉంది. పెచ్చులు నిలబడ్డాక వార్నిషు తీయడం మొదలవుతుంది. మొదట తీయబోయేది పిరుదు మీది ఒక చిన్న చదరం. అది తేలగానే అదే కెమెరా, అదే లైట్లతో మళ్లీ ఫొటో తీసి నా ల్యాబ్ అంకెల పక్కన పెడతాను. ఆ అంకెలు కలవకపోతే రెండో విడత ప్రింట్లకు మాస్టరులో వార్నిషు పొర ఒక్కటి మారుతుంది.